మూడు మీటర్ల దాకా వెళ్లి వెనక్కి రావడం

2025 జూన్ 26 సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో, గచ్చిబౌలిలోని మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒక బల్ల చుట్టూ చేరి, శుభాంశు శుక్లా ప్రయాణిస్తున్న డ్రాగన్ నౌక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంతో అనుసంధానం (డాకింగ్) కావడాన్ని ఒకరి ఫోనులో చూశాము. నౌకలోని నలుగురూ తెరల మీది అంకెలను గమనిస్తూ కూర్చున్నారు. నౌక తనంతట తానే దగ్గరకు వచ్చి, తనంతట తానే ఆగి, మళ్లీ కదిలి, కేంద్రంలో ఒక భాగమైన హార్మనీ మాడ్యూల్‌ను పట్టుకుంది. చప్పట్లు అయిపోయాక పక్కనున్న సహోద్యోగి నా వైపు తిరిగి, "అంతా అదే చేసేసుకుంటోంది కదండీ, మరి మీరు ఆ ఆట ముందు రాత్రుళ్లు కూర్చుని డాకింగ్ నేర్చుకోవడం ఎందుకు? అందులో కూడా ఆటోపైలట్ ఉందని మీరే చెప్పారుగా" అని అడిగాడు. అందులో వెటకారం లేదు, తెలుసుకోవాలనే అడిగాడు. టీ తాగేలోపు చెప్పగలిగినంత చెప్పాను కానీ, ఆ ప్రశ్నకు నిలబడే సమాధానం కావాలంటే కాస్త తీరిగ్గా వాదించాలి.

ఆ ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్, సొంతంగా రాకెట్లు కట్టుకుని అంతరిక్షంలో నడిపే కంప్యూటర్ ఆట. అందులో నౌకలను ఒకదానికొకటి కలిపే డాకింగ్ పోర్టులు 2012 డిసెంబరులో, 0.18 వెర్షన్‌తో వచ్చాయి. అప్పటి నుంచీ ఆటగాళ్ల మధ్య తెగని తగవు ఒకటుంది. మెక్‌జెబ్ అనే ఉచిత మాడ్‌ను (ఆటకు అదనంగా చేర్చుకునే ప్రోగ్రామ్) పెట్టుకుంటే గమ్యాన్ని వెతకడం, కలుసుకోవడం, పోర్టుకు పోర్టు ఆనించడం అన్నీ అదే చేసిపెడుతుంది. దాన్ని వాడటం మోసమని ఒక వర్గం అంటే, అసలు నౌకలు కూడా అలాగే నడుస్తున్నప్పుడు చేత్తో చేయడం వట్టి చాదస్తమని ఇంకో వర్గం అంటుంది. నాకు ఈ రెండు మాటలూ రుచించవు. చేత్తో చేయడంలో గొప్పతనమేమీ లేదని, అయినా ఆటోపైలట్‌ను ముట్టుకునే ముందు కొన్నాళ్లపాటు చేత్తోనే చేయాలని నా అభిప్రాయం. ఆ కొన్నాళ్లలో నేర్చుకునేది నౌక నడపడం అని చాలామంది అనుకుంటారు. యంత్రం ఏం చేస్తోందో, ఎందుకు ఆగిందో చూసి అర్థం చేసుకునే శక్తి అలవడుతుందని నేను అనుకుంటున్నాను, నా వాదనంతా దాని మీదే.

ముందుకు తోస్తే వెనకబడటం

మా అక్క కొడుకు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతూ, నగరంలోనే ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండేవాడు. 2024 దసరా సెలవులకు చంపాపేటలోని మా ఇంటికి వచ్చాడు. కక్ష్యా వేగం సూత్రాన్ని అర నిమిషంలో రాబట్టగలడు, ఎత్తు ఇస్తే ఆవర్తన కాలాన్ని కాగితం లేకుండానే దాదాపుగా చెప్పగలడు. వాడి కోసం ఆటలో ఒక చిన్న అమరిక చేసి పెట్టాను. ఆటలో భూమిలాంటి గ్రహమైన కెర్బిన్ చుట్టూ 100 కిలోమీటర్ల ఎత్తున, ఒకే వృత్తాకార కక్ష్యలో రెండు నౌకలు. వాడిది వెనక, గమ్యం సరిగ్గా కిలోమీటరు ముందు, రెండింటి మధ్య సాపేక్ష వేగం సున్నా. "వెళ్లి కలుసుకో" అన్నాను.

"ఎదురుగానే కనిపిస్తోంది కదా మామయ్యా" అని వాడు ముక్కును గమ్యం వైపు తిప్పి, సెకనుకు 5 మీటర్ల వేగం పెంచాడు. లెక్క కూడా పైకే చెప్పాడు: కిలోమీటరును ఐదుతో భాగిస్తే 200 సెకన్లు. మొదటి నిమిషం అంతా వాడు చెప్పినట్టే జరుగుతున్నట్టు కనిపించింది. తర్వాత గమ్యం మెల్లగా కిందికి జారడం మొదలైంది. 200 సెకన్లు గడిచేసరికి వాడి నౌక గమ్యం ఉన్న కక్ష్య కంటే 600 మీటర్లకు పైగా ఎత్తుకు పోయింది. మరికొన్ని సెకన్లకు, మొత్తం మీద దాదాపు 750 మీటర్లు మాత్రమే ముందుకు సాగి, అక్కడి నుంచి వెనక్కి జారసాగింది. నేనేమీ చెప్పకుండా కాలాన్ని వేగంగా నడిపించమన్నాను. ముప్పై మూడు నిమిషాలకు కాస్త తక్కువగా ఒక చుట్టు పూర్తయ్యేసరికి, కిలోమీటరు వెనక మొదలైన నౌక ముప్పై కిలోమీటర్ల వెనక తేలింది.

వాడు మొదట ఆటలోనే ఏదో లోపం ఉందన్నాడు. తర్వాత కాగితం తీసుకుని తనకు తెలిసిన సూత్రాన్నే రాశాడు. కెర్బిన్ చుట్టూ 80 కిలోమీటర్ల ఎత్తున తిరగాలంటే సెకనుకు సుమారు 2,279 మీటర్ల వేగం ఉండాలి, 100 కిలోమీటర్ల ఎత్తున అయితే 2,246 చాలు. వ్యాసార్థం పెరిగితే వేగం తగ్గుతుంది, చుట్టు పెద్దదవుతుంది, కాబట్టి ముందుకు తోసిన నౌక పైకి లేచి, నెమ్మదించి, ఆలస్యంగా తిరిగి వస్తుంది. ముందున్న దాన్ని అందుకోవాలంటే కొంచెం వేగం తగ్గించి కిందికి దిగాలి. కాగితం మీద ఇదంతా రాసి, "ఇది నాకు ముందే తెలుసు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఇదే సంగతిని నాలుగు సమాధానాల ప్రశ్నగా ఇచ్చి ఉంటే వాడు సరైన గడినే నింపేవాడు. కానీ కీబోర్డు మీద వేళ్లు పెట్టినప్పుడు ఆ తెలివి అక్కరకు రాలేదు.

సాపేక్ష వేగం గురించి మన క్లాసుల్లో చెప్పే ఉదాహరణలు కూడా దీనికి కొంత కారణం. లింగంపల్లి నుంచి పక్కపక్క పట్టాల మీద బయలుదేరిన రెండు ఎంఎంటీఎస్ రైళ్లలో, వెనకున్న రైలు వేగం పెంచితే ముందున్నదాన్ని అందుకుంటుంది. పట్టాలు దాన్ని పక్కకు పోనివ్వవు. కక్ష్యలో పట్టాలు లేవు, వేగం మారితే దారే మారిపోతుంది. ఈ తేడాను మాటల్లో చెప్తే ఎవరైనా తలూపుతారు, నేనూ చాలా ఏళ్లు తలూపినవాణ్ణే.

దీన్ని ఇంటర్ కుర్రవాడి అమాయకత్వంగా కొట్టిపారేయలేము. 1965 జూన్‌లో జెమినీ 4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్, తమను కక్ష్యలో వదిలిన టైటన్ రాకెట్ రెండో దశను చేరుకోవడానికి ప్రయత్నించాడు. అది కళ్లకు కనిపిస్తూనే ఉంది. దాని వైపు గురిపెట్టి థ్రస్టర్లు (నౌకను జరిపే చిన్న ఇంజన్లు) మండించాడు, అది దూరంగా, కిందికి పోయింది. మళ్లీ మండించాడు, ఇంకా దూరం పోయింది. ఇంధనం కరిగిపోతుండటంతో ఆ ప్రయత్నాన్ని మానుకోవాల్సి వచ్చింది. ఆయన ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివిన టెస్ట్ పైలట్. విమానంలో ఏళ్ల తరబడి గడించిన నేర్పు అక్కడ ఆయన్ని తప్పుదోవ పట్టించింది. అదే ఏడాది డిసెంబరులో జెమినీ 6ఎ, జెమినీ 7 నౌకలు ఒక అడుగు దూరం దాకా వచ్చి పక్కపక్కనే తిరిగాయి. మధ్యలో నాసా వాళ్లకు కొత్త సూత్రాలేమీ దొరకలేదు, న్యూటన్ నాటివే వాడారు. ఆ సూత్రాల నుంచి ఏ క్షణాన ఎటు ఎంత తోయాలన్న క్రమాన్ని తయారుచేసి, దాన్ని సిమ్యులేటర్లలో సాధన చేసి వెళ్లారు.

ఏ అంకె, దేనితో పోలిస్తే

ఆటలో కింద మధ్యన గుండ్రంగా కనిపించే నావ్‌బాల్ మీద ఒక వేగం అంకె ఉంటుంది. ఆ అంకె మీద నొక్కితే అది మారుతుంది. ఉపరితలంతో పోలిస్తే ఒకటి, కక్ష్యలో ఒకటి, గమ్యంతో పోలిస్తే మరొకటి. నౌక అదే, క్షణం అదే. ఒక చూపులో సెకనుకు 2,246 మీటర్లు, ఇంకో చూపులో 0.3. కొత్తగా డాకింగ్‌కు దిగినవారు ఓడిపోయే చోట్లలో సగం ఇక్కడే ఉన్నాయి. తెర మీద అంకె కక్ష్యా వేగాన్ని చూపిస్తుండగా దాన్నే తగ్గించబోయి వాతావరణంలో పడిపోయిన నౌకల కథలు ఈ ఆటగాళ్లందరి దగ్గరా ఉంటాయి.

పని క్రమం చెప్పుకోవడానికి సులువే. కక్ష్యలను ఒకే తలానికి తెచ్చుకోవాలి. కొంచెం కింది కక్ష్యలోనో పై కక్ష్యలోనో ఉండి దూరం తగ్గనివ్వాలి. రెండు దారులూ అతి దగ్గరగా వచ్చే బిందువు ఒకటి రెండు కిలోమీటర్ల లోపు ఉండేలా చూసుకోవాలి. సరిగ్గా అక్కడ, గమ్యంతో పోలిస్తే ఉన్న వేగాన్ని పూర్తిగా చంపేయాలి. ఇప్పుడు గమ్యం పక్కన కదలకుండా నిలబడ్డాము. అక్కడి నుంచి గమ్యం వైపు కొద్దిగా తోసి, సగం దూరంలో మళ్లీ చంపి, మళ్లీ తోయాలి. నావ్‌బాల్ మీద మనం పోతున్న దిశను చూపే గుర్తు, గమ్యాన్ని చూపే గులాబీ రంగు గుర్తు ఒకదాని నుంచి ఒకటి మెల్లగా విడిపోతూనే ఉంటాయి, ఎందుకంటే కక్ష్య మనల్ని తిన్నగా పోనివ్వదు. ఆర్‌సీఎస్ థ్రస్టర్లతో పక్కలకు చిన్న చిన్న తోపులిస్తూ మొదటి గుర్తును రెండోదాని మీదికి నెట్టుకుంటూ పోవాలి. అనుభవజ్ఞులు ఇంకో కిటుకు వాడతారు. నిలబడి ఉండే కేంద్రం పోర్టును కక్ష్యా తలానికి లంబంగా, అంటే ఉత్తరానికో దక్షిణానికో తిప్పి ఉంచుతారు. చుట్టు తిరుగుతున్నా ఆ దిశ మారదు కాబట్టి పోర్టు మన ముందు నుంచి తప్పుకోదు. ఈ ఒక్క సంగతి తెలియక విసిగి ఆట మానేసినవారిని చూశాను.

చివరి పది మీటర్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. అందరూ భయపడేది దాని గురించే, కానీ అక్కడికి సరిగ్గా వచ్చినవారికి అది నెమ్మదిగా కూర్చుని చూసే పని మాత్రమే, పోర్టుల్లోని అయస్కాంతాలు మిగతాది చూసుకుంటాయి. అసలు కష్టం వెనక ఉంది. దగ్గరికొచ్చిన ప్రతిసారీ, ఇంకో తోపు తోస్తే అయిపోతుంది అనిపించే చోట, ముందు ఆగాలి. చేతులు దానికి ఒప్పుకోవు. గమ్యం కళ్ల ముందు పెద్దదవుతుంటే వేగం చంపుకోవడం వృథా ఖర్చులా అనిపిస్తుంది. ఆ ఖర్చును ముందే లెక్కలో పెట్టుకుని ఇంధనం నింపుకోవడమూ, ప్రతి మజిలీలో ఆగి అంకెలు చూసి, నచ్చకపోతే వెనక్కి వెళ్లడమూ ఈ విద్యలో ముఖ్యభాగమని అర్థమయ్యేసరికి కొన్నాళ్లు పడుతుంది. ఆటోపైలట్ మొదటి రోజు నుంచే ఈ పని చేస్తుంది, కానీ అది ఆగుతుంటే చూసేవాడికి అది బద్ధకంగా, పనికిరాని జాగ్రత్తగా కనిపిస్తుంది.

భోగి ముందురోజు

ఇస్రో చేసిన డాకింగ్ ప్రయోగం స్పేడెక్స్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ60 రెండు ఉపగ్రహాలను 475 కిలోమీటర్ల కక్ష్యలోకి చేర్చింది. ఒక్కొక్కటి సుమారు 220 కిలోలు. వాటి కూర్పు పనిలో మన హైదరాబాద్‌కు చెందిన అనంత్ టెక్నాలజీస్‌కు భాగముందని ఇక్కడి పత్రికలు గర్వంగా రాశాయి. డాకింగ్ మొదట జనవరి 7న అన్నారు, తర్వాత 9న అన్నారు. 8వ తేదీన ఉపగ్రహాలను 225 మీటర్ల దగ్గరికి తెచ్చే విన్యాసంలో, భూకేంద్రాలకు కనిపించని భాగం దాటి వచ్చాక చూస్తే, జరుగుడు (డ్రిఫ్ట్) అనుకున్నదానికంటే ఎక్కువగా ఉందని ఇస్రో ప్రకటించి మళ్లీ వాయిదా వేసింది. 12న రెండింటినీ 15 మీటర్లకు, అక్కడి నుంచి 3 మీటర్లకు తెచ్చి, తిరిగి సురక్షిత దూరానికి వెనక్కి తీసుకుపోయారు.

ఆ రోజు భోగికి ముందురోజు, ఆదివారం. సంక్రాంతి సెలవులకు మేనల్లుడు మా ఇంట్లోనే ఉన్నాడు. టీవీలో ఒక చర్చ నడుస్తోంది, మూడు మీటర్ల దాకా వెళ్లి కూడా చేయలేకపోయారన్న ధోరణిలో. మా అమ్మ కూడా, "అంత దగ్గరికి పోయి వెనక్కి రావడమేమిట్రా, పాపం" అంది. వాడు ముగ్గుపిండి గిన్నె పక్కన పెట్టి, అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. వెనక్కి రాగలిగారంటేనే అంతా అదుపులో ఉన్నట్టు లెక్క అనీ, తోసుకుంటూ పోయి గుద్దుకుని ఉంటే అప్పుడు బాధపడాలనీ, ఇవాళ వాళ్లు చూసుకున్నది సెన్సర్లు ఆ దూరంలో నిజం చెప్తున్నాయా లేదా అన్నదేననీ వాడి వాదన. 8వ తేదీ ప్రకటనలోని "జరుగుడు" అన్న మాట వినగానే, దసరాకు తన నౌక వెనక్కి జారిన సంగతే గుర్తొచ్చిందని నాతో అన్నాడు. కారణాలు వేరు కావచ్చు. కానీ ఆ మాట వాడికి ఒక కదలికగా కనిపించింది, టీవీలో మాట్లాడుతున్నవారికి ఒక సాకుగా వినిపించింది. అమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు.

జనవరి 16న డాకింగ్ జరిగింది. అమెరికా, రష్యా, చైనాల తర్వాత మనది నాలుగో దేశమని అన్ని పత్రికలూ పతాక శీర్షికలు పెట్టాయి. మార్చి 13న రెండింటినీ విడదీయడమూ, ఏప్రిల్ 20న మళ్లీ కలపడమూ లోపలి పేజీలకు పోయాయి. సహోద్యోగికి నేనివ్వగల మొదటి సమాధానం ఇది: ఆ ఆటలో కొన్నాళ్లు చేతులు కాల్చుకున్నవారికి జనవరి 12 నాటి వార్త జనవరి 16 నాటి వార్తకు ఏమాత్రం తీసిపోయేది కాదు. పన్నులు కట్టే పౌరులుగా, ఇలాంటి పనుల మీద అభిప్రాయాలు చెప్పేవాళ్లుగా, ఆ తేడా మనకు తెలియడం అవసరమని నేను అనుకుంటాను.

కింది అంతస్తు పెద్దాయన అభ్యంతరం

మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో, రక్షణ రంగ ప్రయోగశాలలో పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరున్నారు. ఈ వాదనంతా ఆయనకు వినిపిస్తే, ఓపికగా విని, "అంతా బాగానే ఉంది కానీ బాబూ, మీ ఆటలో దూరమూ వేగమూ తెర మీద ఎవరు రాస్తున్నారు?" అని అడిగారు. ఆట రాస్తుంది. ఎప్పుడూ సరిగ్గా రాస్తుంది. "మేము ఉద్యోగమంతా చేసింది ఆ రెండు అంకెలు సంపాదించడమే. అవి చేతికొచ్చాక మిగిలింది పెద్ద పని కాదు. మీ ఆట అసలు పనిని దాచిపెట్టి, సులువైన భాగాన్ని కష్టమని నమ్మిస్తోంది" అన్నారు.

నాకు ఎదురైన అభ్యంతరాలలో బలమైనది ఇదే. మిగతావాటికి జవాబులు తేలిక. ఆటలో ఒకసారికి ఒకే గ్రహం గురుత్వం పనిచేస్తుందనీ, ఎఫ్9 నొక్కితే జరిగిన ప్రమాదం జరగనట్టే పోతుందనీ అంటే, నిజమే, సాధన చేయడానికి అవి పనికొచ్చే అబద్ధాలని చెప్పవచ్చు. కానీ ఆ రెండు అంకెల సంగతి అలాంటిది కాదు. స్పేడెక్స్‌లో వాటి కోసం లేజర్ దూరమాపకం, దూరాన్ని బట్టి ఒకదాని తర్వాత ఒకటి పనిలోకి వచ్చే ప్రత్యేక సెన్సర్లు, రెండు ఉపగ్రహాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రేడియో లింకు, ఉపగ్రహ నావిగేషన్ సంకేతాల నుంచి సాపేక్ష స్థానాన్ని లెక్కగట్టే ఏర్పాటు పెట్టారు. చివరి దశలో దగ్గరయ్యే వేగం సెకనుకు 10 మిల్లీమీటర్ల స్థాయిలో ఉండాలి. ఆటలో నేను 0.2 మీటర్లతో ఆనించి మురిసిపోతాను, అది దానికి ఇరవై రెట్లు. మనిషి చెయ్యి అంత సున్నితంగా పనిచేస్తుందని ఎవరూ నమ్మనక్కరలేదు.

ఆయన మాట మనసులో ఉండగా ఒక రాత్రి ఎఫ్2 నొక్కి చూశాను. అది తెర మీది అంకెలనూ నావ్‌బాల్‌నూ మాయం చేస్తుంది, నౌకలు మాత్రమే మిగులుతాయి. వంద మీటర్ల నుంచి కంటితో చూస్తూ దగ్గరికి పోవడానికి ప్రయత్నిస్తే, గమ్యం చాలాసేపు అసలు పెరుగుతున్నట్టే అనిపించదు. పెరుగుతోందని గట్టిగా తెలిసేసరికి ఆగడానికి సమయం మిగలదు. వెనక కెర్బిన్ మబ్బులు కదులుతుంటే మన కదలిక ఏదో, దాని కదలిక ఏదో వేరు చేయలేము. 1997 జూన్ 25న రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌లో వసిలీ త్సిబ్లియెవ్ ఉన్న స్థితి ఇంచుమించు ఇదే. ప్రోగ్రెస్ ఎం-34 సరకు నౌకను కెమెరా బొమ్మ ఆధారంగా, దూరం నుంచి చేత్తో నడిపి అనుసంధానం చేసే పరీక్ష అది. దూరాన్నీ వేగాన్నీ చెప్పే రాడార్ సాయం ఆయనకు లేదు. నౌక వేగం తగ్గలేదు, స్పెక్టర్ మాడ్యూల్‌ను గుద్దింది, అక్కడి నుంచి గాలి కారడంతో ఆ మాడ్యూల్‌ను మూసేయాల్సి వచ్చింది. చేత్తో చేయడమే గొప్ప అనేవారికి ఈ ఉదంతం ఒక్కటి చాలు. పెద్దాయన చెప్పినదాన్ని కూడా ఇది పూర్తిగా నిలబెడుతుంది.

అయితే ఇదే చరిత్రలో రెండో పక్క కూడా ఉంది. 1966 నవంబరులో జెమినీ 12 వెళ్తుండగా, అజీనా లక్ష్యనౌకను చేరుకునే దారిలో రాడార్ పనిచేయలేదు. లోపలున్న బజ్ ఆల్డ్రిన్ 1963లో ఎంఐటీలో డాక్టరేట్ పొందింది సరిగ్గా ఈ కలయికల మీదే. సెక్స్‌టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో చూసి, ముందే తయారుచేసుకున్న పట్టికలతో పోల్చుకుని, ఆయన ఇచ్చిన అంకెలతో జిమ్ లవెల్ నౌకను గమ్యానికి చేర్చాడు. 1985 జూన్‌లో, అంతకు ఏడాది క్రితమే మన రాకేశ్ శర్మ ఉండి వచ్చిన సాల్యూట్ 7 కేంద్రం కరెంటు లేక, మాటాపలుకూ లేక నిర్జీవంగా తిరుగుతుంటే, వ్లదిమీర్ జానిబెకొవ్, విక్తర్ సవినిఖ్ సోయజ్ టీ-13లో వెళ్లారు. కేంద్రం నుంచి ఏ సంకేతమూ లేదు కాబట్టి ఆటోమేటిక్ పద్ధతి పనికిరాదు. చేతిలో పట్టుకునే లేజర్ దూరమాపకంతో దూరాలు కొలుచుకుంటూ జానిబెకొవ్ చేత్తోనే అనుసంధానం చేశాడు. ఈ రెండు సందర్భాల్లోనూ అంకెలు వాటంతట అవి రాలేదు, మనుషులు వేరే దారిన సంపాదించారు. వచ్చిన అంకెతో ఏం చేయాలో, ఏ అంకె లేకపోతే ముందుకు పోకూడదో వారికి తెలుసు. అంకెలతో ఏం చేయాలన్న ఈ జ్ఞానాన్ని ఆట ఇవ్వగలదని, అంకెలను సంపాదించే జ్ఞానాన్ని ఇవ్వలేదని నేను పెద్దాయనతో ఒప్పందానికి వచ్చాను. "ఇవ్వలేనిదే ఎక్కువ" అని ఆయన ఇప్పటికీ అంటారు. కాదనడం కష్టం.

మా అక్క అభ్యంతరం ఇంతకంటే సూటిగా ఉంటుంది. "ఒరేయ్, దీనివల్ల వాడికి ఎంసెట్‌లో ఒక్క మార్కైనా వస్తుందా?" పేరు మారి ఈఏపీసెట్ అయి ఇంత కాలమైనా మా ఇళ్లలో అది ఎంసెట్టే. రాదనే చెప్పాను. కక్ష్యా వేగం ప్రశ్నకు వాడు ముందూ సరిగ్గానే గుర్తు పెట్టేవాడు, తర్వాతా సరిగ్గానే పెట్టాడు. ఆ గుర్తు వెనక ఏముందో కొలిచే పరీక్ష మన దగ్గర లేదు. ఆట వల్ల చదువు మెరుగవుతుందని తల్లిదండ్రులకు నచ్చజెప్పేవారి మాట నేను మాట్లాడను. ఈ ఆట గంటలను మింగేస్తుంది, ఒక్క డాకింగ్ కోసం మొదలుపెట్టి అర్ధరాత్రి దాటించడం మామూలు. పరీక్షల ఏడాదిలో సెలవు రోజులకు మించి దాన్ని తెరవనివ్వకపోవడం అక్క చేసిన మంచి పని.

మరి ఆటోపైలట్ ఎప్పుడు

కొన్నాళ్లు చేత్తో చేయాలన్నాను కాబట్టి, ఆ కొన్నాళ్లు ఎప్పుడు ముగుస్తాయో కూడా చెప్పాలి. ఇప్పుడు నేను కేంద్రాలకు ఇంధనం మోసే నౌకలను మెక్‌జెబ్‌కే వదిలేస్తున్నాను. వందసార్లు చేసిన పనిని నూటొకటోసారి చేయడంలో నేర్చుకునేది ఏమీ లేదు, ఆ సమయాన్ని కొత్త నౌకను గీయడానికి వాడుకోవచ్చు. నా గీటురాయి ఒకటే. ఆటోపైలట్ నడుస్తున్నప్పుడు ఆటను ఆపి, తర్వాత అది ఎటు తోస్తుందో, ఎందుకు తోస్తుందో ముందుగా చెప్పగలగాలి. చెప్పగలిగినన్నాళ్లూ దానికి అప్పగించవచ్చు.

పరీక్షలు అయిపోయి, కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్న 2025 వేసవిలో మేనల్లుడితో ఇదే పద్ధతి నడిపించాను. చాలావరకు సరిగ్గానే చెప్పాడు. ఒకచోట మాత్రం మెక్‌జెబ్‌తోనే పేచీ పెట్టుకున్నాడు. నౌక కేంద్రానికి పోర్టు లేని వైపు నుంచి వచ్చింది, ఆటోపైలట్ దాన్ని బాగా దూరం జరిపి, పెద్ద చుట్టు తిప్పి అవతలి వైపుకు తీసుకుపోసాగింది. ఈ కేంద్రానికి పక్కలకు చాచుకున్న సౌర ఫలకాలు లేవు కాబట్టి అంత దూరం పోనవసరం లేదని, థ్రస్టర్ల ఇంధనమైన మోనోప్రొపెల్లెంట్ వృథా అవుతోందని వాడన్నాడు. వాడే తక్కువ చుట్టుతో చేసి చూపించాడు, మిగిలిన ఇంధనం నిజంగానే ఎక్కువగా ఉంది. "ఫలకాలున్న కేంద్రమైతే?" అని అడిగాను. "అప్పుడు దానికే వదిలేస్తాను మామయ్యా, కానీ ఎంత దూరం జరుగుతోందో చూస్తూ కూర్చుంటాను" అన్నాడు. సహోద్యోగికి ఈ సంగతి కూడా చెప్పాను. ఆయనకు సగం నమ్మకం కుదిరినట్టుంది, ఆటను దించుకున్నాడు కానీ, మెక్‌జెబ్‌ను కూడా దాంతోపాటే దించుకున్నాడు.